చుక్కకి వినపడదు... కానీ అన్నీ కనిపెడుతుంది!

"వినపడని కుక్కని ఏం చేసుకుంటారండీ? దొంగొస్తే మొరగదు, పిలిస్తే రాదు!"

మా ఇంటికొచ్చిన పదిమందిలో ఎనిమిదిమంది అనే మాట ఇది. వాళ్లననీ లాభంలేదు. కుక్కంటే మనకి ముందు గుర్తొచ్చేది కాపలా. కాపలాకి కావలసినవి చెవులు. చదువుకునే పిల్లలకి శ్వాననిద్ర ఉండాలంటారు పెద్దలు, చిన్న అలికిడికే దిగ్గున లేవాలని. మా చుక్కదేమో కుంభకర్ణుడి నిద్ర. దాని తల దగ్గర ఇత్తడి పళ్లెం కిందపడ్డా తోక కూడా కదలదు.

చుక్క మా ఇంట్లోని డాల్మేషియన్. తెల్లటి ఒంటిమీద నల్లటి చుక్కలుండే జాతి. రెండు చెవులూ పుట్టుకతోనే పోయాయి. 2023 మార్చిలో తొమ్మిది వారాల పిల్లగా కాకినాడలోని మా ఇంటికొచ్చింది. అలాంటి పిల్లని పెంచడం కష్టమా, దానికి నేర్పడం అసలు సాధ్యమా అని అడిగేవాళ్లకి ఓపిగ్గా చెప్తూనే ఉన్నాను. ఈసారి కూర్చుని రాద్దామనిపించింది.

అయిదు అమ్ముడయ్యాయి, ఒకటి మిగిలింది

కుక్క కావాలని పేచీ పెట్టింది పిల్లలు. అమ్మాయి ఎనిమిది, అబ్బాయి అయిదు చదువుతున్నారప్పుడు. మావారికి తెలిసినవాళ్ల ద్వారా ఒకాయన దగ్గర డాల్మేషియన్ పిల్లలున్నాయంటే చూడ్డానికి వెళ్లాం. ఆరు పిల్లల్లో అయిదు అమ్ముడైపోయాయి. తీసుకెళ్లేవాళ్లు ఇంకా రాకపోవడంతో మూడు అక్కడే ఉన్నాయి. ఆయన పాలగిన్నె మీద చెంచాతో కొట్టగానే ఆ మూడూ పరిగెత్తుకొచ్చాయి. నాలుగోది గోనెసంచి మీద అలాగే పడుకుంది. ఒకటి దాన్ని తొక్కుకుంటూ వెళ్లాక లేచి, మిగతావాటి వెనకాల వచ్చింది.

"ఇది వినపడని సరుకమ్మా. కొన్నవాళ్లు రెండోరోజే తెచ్చిచ్చేశారు. మీకు కావాలంటే ఊరికే తీసుకెళ్లండి. లేకపోతే ఎక్కడో ఓ చోట వదిలెయ్యాలి" అన్నాడాయన, కొట్టులో పాడైపోయిన వంకాయల గురించి చెప్పినంత తేలిగ్గా.

వదిలెయ్యడమంటే ఏమిటో మీకూ తెలుసు. హారన్ వినపడని పిల్ల రోడ్డుమీద ఎన్నాళ్లు బతుకుతుంది?

మావారు నా మొహం చూశారు, నేను పిల్లల మొహాలు చూశాను. "పదిరోజులు ఉంచుకుని చూద్దాం" అన్నారాయన. ఇంట్లో అత్తయ్యగారు మాత్రం, "ఉన్న చెవిటివాళ్లు చాలరనా ఇంకొకళ్లని తెచ్చారు?" అంటూ వరండాలో పేపరు చదువుకుంటున్న మామయ్యగారి వైపు చూశారు. ఆయనకి ఆ మాటా వినపడలేదు. మామయ్యగారికి డెబ్భై ఎనిమిదేళ్లు. ఏడెనిమిదేళ్లుగా వినికిడి తగ్గుతూ వచ్చింది. కొనిచ్చిన మిషను బీరువాలో ఉంది.

తెలుపులోనే ఉంది తిరకాసు

మర్నాడు పశువుల డాక్టరుగారి దగ్గరకి తీసుకెళ్లాం. పిల్ల ఆరోగ్యంగా ఉంది, చెవులు మాత్రం పనిచెయ్యవన్నారు. కారణం అడిగితే కాగితం మీద బొమ్మగీసి చెప్పారు. ఆ తర్వాత నేనూ కొంత చదివి తెలుసుకున్నాను.

డాల్మేషియన్ పిల్లలు పుట్టినప్పుడు తెల్లగానే ఉంటాయి. రెండు వారాలు తిరిగేసరికి చుక్కలు బయటపడతాయి. ఇంచుమించు అప్పుడే కళ్లూ చెవులూ తెరుచుకుంటాయి. ఒంటికి రంగునిచ్చే కణాలుంటాయి కదా, అవే లోపలి చెవిలోనూ ఉండాలి. అక్కడి రక్తప్రసారం సరిగ్గా సాగడానికి అవి అవసరం. తెలుపునిచ్చే జన్యువు మరీ బలంగా పనిచేస్తే ఆ కణాలు చెవిలోపలికి చేరవు. దాంతో పుట్టిన మూడు, నాలుగు వారాలకే శబ్దాన్ని పట్టుకునే సన్నటి కణాలు చచ్చిపోతాయి. ఒకసారి పోయాక మందులతో తిరిగొచ్చేవి కావు.

అమెరికాలో లూసియానా స్టేట్ యూనివర్సిటీకి చెందిన డాక్టర్ జార్జ్ స్ట్రెయిన్ దీని మీద ఎన్నో ఏళ్లు పరిశోధించారు. అయిదువేలకి పైగా డాల్మేషియన్లని పరీక్షించిన లెక్కలు 2004లో అచ్చయ్యాయి. నూటికి సుమారు 22 కుక్కలకి ఒక చెవి, 8 కుక్కలకి రెండు చెవులూ వినపడవని తేలింది. అంటే దాదాపు మూడింట ఒకదానికి ఏదో ఒక లోపం! నీలికళ్లున్నవాటిలో ఇది ఇంకా ఎక్కువ. నీలికళ్ల పిల్లులకి వినపడదని డార్విన్ 1859 నాటి తన పుస్తకంలోనే రాశాడు.

ఇందులో విచిత్రమేమిటంటే, పుట్టుకతోనే నల్లటి పెద్ద మచ్చతో వచ్చే డాల్మేషియన్లకి చెవుడు తక్కువ. కానీ అందాల పోటీల నిబంధనల ప్రకారం ఆ మచ్చ లోపం! చుక్కలు విడివిడిగా, ముత్యాల్లా ఉండాలట. అందం కోసం మచ్చలేనివాటినే ఏరి ఏరి పెంచుతూ పోతే చెవుడు తగ్గమంటే ఎలా తగ్గుతుంది? పైగా రెండు చెవులూ వినపడని పిల్లల్ని సూది మందిచ్చి చంపెయ్యడమే మంచిదని పెంపకందార్ల సంఘాలే సలహా ఇచ్చిన రోజులున్నాయి. అలాంటివి భయంతో కరుస్తాయనీ, వాటికి ఏదీ నేర్పలేమనీ అప్పటివాళ్ల నమ్మకం.

చెవుడుని కచ్చితంగా తేల్చే పరీక్షొకటుంది. దాన్ని బేర్ పరీక్ష అంటారు. తలమీద చర్మం కింద సన్నటి సూదులు పెట్టి, చెవిలో టిక్‌టిక్‌మని శబ్దం వినిపించి, మెదడుదాకా సంకేతం వెళ్తోందో లేదో చూస్తారు. పిల్లకి అయిదారు వారాలు నిండాక చెయ్యొచ్చు. ఇది అన్ని ఊళ్లలో దొరికేది కాదు. ఇంట్లో చూడాలంటే పిల్ల నిద్రపోతుండగా, దానికి కనపడకుండా, గాలీ అదురూ తగలనంత దూరం నుంచి శబ్దం చెయ్యాలి. పక్కనే చప్పట్లు కొడితే గాలి తగిలి లేస్తుంది, మనం వినపడిందనుకుంటాం. ఒక్క చెవి పోతే మాత్రం ఇంటి పరీక్షలో బయటపడదు.

పేరెందుకన్నారు

"వినపడని దానికి పేరెందుకే తల్లీ?" అన్నారు అత్తయ్యగారు. పేరు మనకోసం అన్నాను. "అయితే చుక్క అనండి. ఒళ్లంతా అవేగా!" అని ఆవిడే పెట్టేశారు. పదిరోజుల గడువు గురించి ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు.

పేరుకో సైగ కావాలి కదా. బుగ్గమీద చూపుడువేలుతో దిష్టిచుక్క పెట్టినట్టు తాకడం, అదే దాని పేరు.

చేతులే మాటలు

డాక్టరుగారు మొదటిరోజే ఒక సంగతి చెప్పారు. "కుక్కలు అసలు మన మాటకన్నా మన ఒంటి కదలికనే ఎక్కువ గమనిస్తాయమ్మా. దీనికి మీరు కొత్త విద్యేం నేర్పక్కర్లేదు. మీరు నోరు తగ్గించి చేతులు వాడండి చాలు."

మొట్టమొదట నేర్పాల్సింది కూర్చోవడమో, చెయ్యివ్వడమో కాదు. మన వైపు చూడటం. మన వైపు చూడని చెవిటి కుక్కకి ఏ సంగతీ చెప్పలేం. అందుకని అది తనంతట తాను నా మొహంలోకి చూసినప్పుడల్లా వెంటనే బొటనవేలు పైకెత్తి 'భేష్' అని చూపించి, నోట్లో చిన్న ముక్క పెట్టేదాన్ని. వంటింట్లో, పెరట్లో, బట్టలారేస్తూ, ఎక్కడైనా సరే. కొంగుకి చిన్న సంచీ కట్టుకుని తిరిగాను. వారం తిరక్కుండా ప్రతి రెండు నిమిషాలకీ నా మొహం చూసుకోవడం మొదలెట్టింది. ఆ అలవాటు ఇప్పటికీ ఉంది.

తర్వాత ఒక్కొక్క సైగే. అరచెయ్యి పైకెత్తితే కూర్చో. కిందికి దించితే పడుకో. చెయ్యి చాచి గుండెలకి తెచ్చుకుంటే రా. అరచెయ్యి అడ్డంగా నిలబెడితే ఆగు. చూపుడువేలు ఆడిస్తే వద్దు. రెండు చేతులూ దులిపితే అయిపోయింది, ఇంక లేదు. ఇలా మొత్తం పన్నెండు. రోజుకి నాలుగుసార్లు, ప్రతిసారీ అయిదేసి నిమిషాలు. అంతకు మించితే పిల్లకి విసుగు, మనకీ విసుగే.

ఇందులో గట్టిగా పాటించాల్సింది ఒక్కటే. ఇంటిల్లిపాదీ ఒకే సైగ వాడాలి. నేనొకలా, పిల్లలొకలా చేస్తే అది ఎవరి మాట వినాలి? అబ్బాయి చార్టు మీద పన్నెండు సైగలూ బొమ్మలు గీసి ఫ్రిజ్ మీద అంటించాడు. పనిమనిషితో సహా అందరం అవే.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. ఇవి సైగలే గానీ సైగభాష కాదు. బధిరులు మాట్లాడుకునే సైగభాషకి వ్యాకరణం ఉంది, అందులో హాస్యం ఉంది, కవిత్వం ఉంది. మా ఇంట్లో పన్నెండు సైగలు నేర్చుకున్నంత మాత్రాన వాళ్ల భాష వచ్చేసినట్టు కాదు.

బహుమానంగా ఏం పెడతావని అడుగుతారు. మా ఇంట్లో గుడ్డు వరకే తింటాం. ఉడికించిన గుడ్డు, పనీరు, క్యారెట్ ముక్కలు, గోరుగింజంత చాలు. డాల్మేషియన్లకి మూత్రంలో యూరిక్ యాసిడ్ ఎక్కువగా పోతుంది, దానివల్ల రాళ్లొచ్చే గుణం ఉంది. కాబట్టి కాలేయం లాంటివి పెట్టకూడదు. తాగడానికి నీళ్లు ఎప్పుడూ నిండుగా ఉండాలి. ఉల్లిపాయ, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ ఏ జాతి కుక్కకైనా విషమే. ముద్దుకైనా పెట్టకండి.

దాన్ని దూరం నుంచి పిలవడమెలా? కాలు నేలకేసి కొడితే అదురు తెలుస్తుందని పుస్తకాల్లో రాస్తారు. చెక్కనేలలున్న ఇళ్లలో సరే, మన గచ్చుమీద, బండలమీద ఎంత కొట్టినా మన మడమే నొప్పెడుతుంది. మాకు పనికొచ్చింది వెలుతురు. వరండా దీపం రెండుసార్లు ఆర్పి వెలిగిస్తే అన్నం పెడుతున్నామని అర్థం. రోజూ రాత్రి ఏడున్నరకి అదే పద్ధతి. టార్చిలైటు వెలుగుని నేలమీద ఆడించి దానితో పరుగులు పెట్టించకూడదు. సరదాగా మొదలై, వెలుగు కనపడితే చాలు వెంటపడే పిచ్చిగా తయారవుతుంది. మెడపట్టీలో సన్నగా వణుకు పుట్టించే పరికరాలున్నాయి. వణుకు తెలియగానే మనవైపు చూడాలని అలవాటు చేస్తే పనికొస్తాయి. కరెంటు షాకిచ్చేవి వేరు, వాటి జోలికే పోవద్దు.

నిద్రలేపడమూ ఒక విద్యే

చెవిటి కుక్కలు కరుస్తాయన్న అపవాదు ఎక్కడినుంచొచ్చిందో చుక్కని చూశాక తెలిసింది. గాఢనిద్రలో ఉండగా ఎవరైనా గభాలున మీద చెయ్యేస్తే మనమైనా ఉలిక్కిపడమూ? దానికైతే ముందు అడుగుల చప్పుడు కూడా తెలియదాయె. అందుకని మొదటి వారం నుంచే అలవాటు చేశాం. మొదట ముక్కు దగ్గర అరచెయ్యి పెట్టాలి, వాసన పడుతుంది. తర్వాత భుజం మీద రెండువేళ్లతో మెల్లిగా తాకాలి. కళ్లు తెరవగానే నోట్లో ముక్క పెట్టాలి. రోజుకి పదిసార్లు, నెలరోజులు చేశాం. ఇప్పుడు భుజం తాకితే ఉలిక్కిపడదు, నోరు తెరుచుకుని లేస్తుంది! అయినా సరే, చుట్టాల పిల్లలొచ్చినప్పుడు నిద్రపోతున్న చుక్క దగ్గరికి ఎవర్నీ వెళ్లనివ్వను.

పళ్లొచ్చే వయసులో కొరకడం కూడా ఎక్కువే. మామూలు పిల్లలు ఆటలో తోడు పిల్ల 'కుయ్'మంటే గట్టిగా కొరికామని తెలుసుకుంటాయి. దీనికి ఆ 'కుయ్' వినపడదు. కొరికిన వెంటనే ఆట ఆపేసి అటు తిరిగి నిలబడితే, కొరికితే ఆట పోతుందని మూడు వారాల్లో గ్రహించింది.

ఇంకో సంగతి. నిద్రలేచి చూసేసరికి మనం గదిలో లేకపోతే ఇల్లంతా వెతుక్కుంటుంది పాపం. అందుకే గదిలోంచి వెళ్లేటప్పుడు ఒకసారి తాకి వెళ్తాం. పడుకున్నప్పుడు కూడా వీపు మన కాలికి ఆనించుకునే పడుకుంటుంది. మనం లేస్తే తెలియాలి కదా!

దీపావళికి వీధిలో కుక్కలన్నీ వణికిపోతూ మంచాల కింద దూరితే, మా చుక్క హాయిగా గుర్రుపెట్టి నిద్రపోయింది. ఆ ఒక్కరోజూ అందరూ దాని అదృష్టాన్ని మెచ్చుకున్నారు.

ఆ సాయంత్రం

ఎంత నేర్పినా చెవిటి కుక్కని పట్టీ లేకుండా వీధిలోకి వదలకూడదు. మా గేటుకి లోపల ఇంకో వలతలుపు పెట్టించాం. అయినా ఒకరోజు, చుక్కకి పదకొండో నెలలో, గ్యాసు బండ తెచ్చిన కుర్రాడు రెండు తలుపులూ బార్లా తీసిపెట్టాడు. చుక్క ఒక్క గెంతులో వీధిలో ఉంది.

సందె చీకటి. వీధి చివర ఇల్లు కడుతున్నారు, ఇసుక దింపిన లారీ వెనక్కొస్తోంది. చుక్క ఆ ఇసుకగుట్ట దగ్గరే వాసన చూసుకుంటూ లారీకి వీపు పెట్టి నిలబడింది. డ్రైవరు హారన్ మీద హారన్. ఎదురింటివాళ్లు, పక్కింటివాళ్లు, మా పిల్లలు అందరూ "చుక్కా! చుక్కా!" అని అరుపులే అరుపులు. నేను పరిగెడుతున్నాను గానీ మధ్యలో ఎంత దూరం!

అప్పుడు వెనకనించి వెలుగు మారింది. వరండా దీపం ఆరింది, వెలిగింది. మళ్లీ ఆరింది, వెలిగింది. ఆ అరుపులేవీ వినపడని మామయ్యగారు, మేమంతా అటు చూస్తూ పరిగెత్తడం చూసి సంగతి గ్రహించి స్విచ్చి దగ్గరికి వెళ్లారు. చుక్క తలెత్తింది. వెలుగుని చూసింది. నేను చెయ్యి చాచి గుండెలకి తెచ్చుకున్నాను. లారీ పక్కనుంచి బాణంలా నా దగ్గరకొచ్చి పడింది. లోపలికెళ్లి గిన్నె ముందు కూర్చుని అన్నం కోసం చూసింది. ఏడున్నర కాకపోయినా పెట్టాను.

ఆ రోజునుంచి దాని పట్టీకి తెలుగులో ఒక బిళ్ల వేలాడుతోంది. 'నాకు వినపడదు' అని, కింద మా ఫోన్ నంబరు.

మామయ్యగారి మాట

చుక్కకి నేర్పడంలో అందరికన్నా ఎక్కువ పాలు మామయ్యగారిదే. నలుగురి మధ్యా కూర్చున్నా మాట అందక పేపరు వెనక్కి వెళ్లిపోయే మనిషి, దాని చదువు దగ్గర మాత్రం ముందుండేవారు. ఆ పాఠాల్లో ఎవరూ నోరు విప్పక్కర్లేదు మరి. ఉదయం కాఫీ తాగుతూ ఆయన వేసే సైగలకి చుక్క లేవడం, కూర్చోవడం చూసి పాలవాడు కూడా నిలబడిపోయేవాడు.

ఒకరోజు రాత్రి భోజనాల దగ్గర అబ్బాయి చుక్క భుజం తాకి, ఎదురుగా వచ్చి సైగ చెయ్యడం చూసి ఆయన అన్నారు, "నాతో మాట్లాడేటప్పుడు కూడా అలా ఎదురుగా వచ్చి నిలబడండ్రా. వెనకాలనించి అరిస్తే నాకు అరుపు తెలుస్తుంది గానీ మాట తెలియదు."

ఎవరం ఏమీ అనలేదు. వంటింట్లోంచి కేకలేసే అత్తయ్యగారు ఇప్పుడు వరండాలోకి వెళ్లి, ఆయన భుజమ్మీద చెయ్యేసి, "భోజనానికి రండి" అంటున్నారు. మిషను ఇంకా బీరువాలోనే ఉంది. అది వేరే పోరాటం.

మీరూ తెచ్చుకుంటానంటే

చెవిటి పిల్లని తెచ్చుకోవాలంటే ఇంట్లో రోజూ ఒక గంట తీరిక, చుట్టూ ప్రహరీ, అందరి ఒప్పుకోలు ఉండాలి. టీకాలు మామూలు కుక్కలకి వేసినట్టే. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదటి టీకా మొదలెట్టి, నాలుగు నెలలు నిండేదాకా డాక్టరు చెప్పిన గడువుల్లో వేయించాలి. మూడు నెలలకి రేబిస్ టీకా, ఆ తర్వాత ఏటేటా. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ తప్పకుండా చేయించండి. చెవుడు వంశపారంపర్యంగా వచ్చేది కాబట్టి దీన్ని వాయిదా వెయ్యకూడదు.

వినపడే పిల్లే కావాలంటే అందులో తప్పేమీ లేదు. కొనేముందు మిగతావాటినుంచి విడిగా తీసుకెళ్లి, నిద్రలో ఉండగా పరీక్షించండి. తల్లికీ తండ్రికీ వినపడుతుందో లేదో అడగండి. అంతేగానీ, ముచ్చటపడి తీసుకెళ్లి రెండోరోజు తెచ్చి ఇవ్వకండి. తిరిగొచ్చిన పిల్లకి ఆ తర్వాత ఏం రాసిపెట్టి ఉంటుందో అమ్మేవాళ్లు మీకు చెప్పరు.

చుక్కకిప్పుడు రెండేళ్లు దాటాయి. దొంగొస్తే మొరగదన్నారు కదా, గేటు దగ్గర కొత్త మనిషి కనిపిస్తే వీధంతా అదిరేలా మొరుగుతుంది. తన గొంతు తనకి వినపడదు కదా, ఎక్కడ ఆపాలో దానికి తెలియదు. చూపుడువేలు ఆడిస్తే మాత్రం వెంటనే ఊరుకుంటుంది.